మిషన్ ఆపితేనే మాట: గిన్నెల మీద పేర్లు వేసే ఆట, తయారీ డైరీ

జ్యేష్ఠం, రెండో వారం

మా మావయ్యకి పర్లాకిమిడి బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కొట్టు ముందు అరుగు మీద చిన్న బల్ల, ఆ బల్ల మీద పేర్లు వేసే మిషన్. బిందె కొన్నా, కేరేజీ కొన్నా, సారెకి పాతిక గ్లాసులు కొన్నా, పేరు వేయించుకోకుండా ఎవరూ వెళ్ళరు. పెళ్ళిళ్ళలో, సంతర్పణల్లో పది ఇళ్ళ గిన్నెలు ఒకచోట కలిసిపోతాయి. ఎవరివి వాళ్ళకి తిరిగి చేరాలంటే పేరుండాలి. నేను చేస్తున్న మొబైల్ ఆట ఆ బల్ల గురించే.

ఆటలో మీరు పేర్లు వేసే మనిషి. ఒకరు గిన్నె పట్టుకుని వస్తారు, ఎందుకు వచ్చారో చెబుతారు. మీరు వింటారు. విన్నదాన్ని బట్టి దాని మీద ఏం రాయాలో తేల్చుకుని, వేలితో చెక్కుతారు. రోజుకి నలుగురే కస్టమర్లు. టైమర్ లేదు, స్కోరు లేదు, నాణేలు పోగుచేయడం లేదు.

ఇలాంటి నెమ్మది ఆటలు బయట ఉన్నాయి. 2020లో వచ్చిన కాఫీ టాక్ అలాంటిదే. ఇండోనేసియాలోని తోగే ప్రొడక్షన్స్ వాళ్ళు చేశారు. రాత్రిపూట తెరిచే కాఫీ కొట్టు, వచ్చినవాళ్ళ మాటలు వింటూ కాఫీ కలపడం. కథ అమెరికాలోని సియాటిల్‌లో జరుగుతుంది. ఆడుతున్నంతసేపూ నాకు మావయ్య బల్లే కనిపించింది. సియాటిల్ కొట్టులో కూర్చున్నవాళ్ళ బాధ నాకు అందింది కదా, మా బజారు బల్ల దగ్గర నిలబడే మనుషుల మాట ఇంకెవరికో ఎందుకు అందదు అనిపించింది. ఆ రోజే మొదలుపెట్టాను.

మా ఊరు తెలియనివాళ్ళకి ఒక మాట. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది. కాస్త దూరం వెళితే పాతపట్నం, అది ఆంధ్ర. నీలమణి దుర్గమ్మ గుడికి ఇటువాళ్ళు అటు వెళతారు, గిన్నెలు కొనడానికి అటువాళ్ళు ఇటు వస్తారు. నేను బళ్ళో ఒడియా చదువుకున్నాను, ఇంట్లో తెలుగు మాట్లాడాను. తెలుగు చదవడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కొట్టు బల్ల మీద రెండు లిపులూ ఒకే సూదితో పడతాయి.

జ్యేష్ఠం, మూడో వారం

మొదటి నమూనా పనికిరాలేదు.

అందులో కస్టమర్ మాట్లాడుతుంటే కింద మాటలు వస్తాయి, తాకితే తర్వాతి వాక్యం. చివర్లో మూడు బటన్లు: ఏం రాయాలి? మా పిన్ని కొడుకుకి ఇచ్చాను. వాడు టకటకా తాకుకుంటూ పోయి, ఒక్క ముక్క చదవకుండా బటన్ల దగ్గరకి చేరి, మధ్యది నొక్కాడు. "అయిపోయిందక్కా. తర్వాత ఏంటి?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. తాకితే ముందుకు వెళుతుందని నేనే చెప్పాను, వాడు ముందుకు వెళ్ళాడు. వినడం అనే పని ఆటలో ఎక్కడా లేదు.

రెండు రోజులు ఊరికే కొట్టులో కూర్చున్నాను. మావయ్య చెక్కుతున్నప్పుడు ఆ మోతలో పక్కమాట వినబడదు. ఎవరైనా నోరు తెరిస్తే ఆయన బొటనవేలు స్విచ్ మీదకి వెళుతుంది. మిషన్ ఆగుతుంది. తల ఎత్తుతాడు. వాళ్ళు చెప్పడం అయ్యాక మళ్ళీ స్విచ్ వేస్తాడు. పదేళ్ళుగా చూస్తున్నాను గాని, ఆ బొటనవేలిని ఎప్పుడూ గమనించలేదు. "మద్దిలో ఆపితే గీత వంకరపోదా మావయ్యా?" అని అడిగాను. "గీత మల్లీ దిద్దుకోవచ్చు అమ్మీ. మాట మల్లీ సెప్పమంటే సెప్పరు" అన్నాడు.

ఆట మొత్తానికి ఇదే నియమం అయింది. తెర మీది గిన్నె మీద వేలు ఉంటే మిషన్ నడుస్తుంది, గీత పడుతుంది, కస్టమర్ మాట వినబడదు. వేలు తీస్తే మిషన్ ఆగుతుంది, మాట మొదలవుతుంది. మాట్లాడుతుండగా మళ్ళీ వేలు పెడితే వాళ్ళు సగంలో ఆగిపోతారు. రెండుసార్లు అలా ఆపితే కథ కుదించేస్తారు. మూడోసారికి "సర్లే బావూ, ఉత్త పేరు ఏసీ" అంటారు. పేరు పడుతుంది, డబ్బులు ఇస్తారు, దణ్ణం పెట్టి వెళతారు. విననందుకు శిక్ష ఏమీ లేదు. వాళ్ళు చెప్పాలనుకున్నది చెప్పకుండా వెళ్ళిపోతారు, అంతే.

బటన్లు తీసేశాను.

ఆషాఢం, మొదటి వారం

పెళ్ళిళ్ళు లేని నెల. కొట్టు ఖాళీ, మావయ్యకి తీరిక. శబ్దాలు రికార్డు చేయడానికి ఇదే అదను.

మిషన్ లోపల ఉన్నది ఒక తీగచుట్ట, దాని ముందు ఒక ఇనుప పలక, పలకకి బిగించిన గట్టి సూది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊపులో అయస్కాంతం రెండుసార్లు లాగుతుంది కాబట్టి సూది సెకనుకి 100 సార్లు కొడుతుంది. గిన్నె మీద కనిపించే గీత నిజానికి గీత కాదు, దగ్గరదగ్గరగా పడ్డ చుక్కలు. నెమ్మదిగా జరిపితే చుక్కలు కలిసిపోయి గీత లోతుగా వస్తుంది. తొందరగా లాగితే చుక్కలు విడివిడిగా, పేలవంగా ఉంటాయి. ఆటలో కూడా అంతే చేశాను. వేలు ఎంత వేగంగా కదిలినా సెకనుకి పడే చుక్కలు మాత్రం 100. నెమ్మదిగా చెక్కండని ఎక్కడా రాయలేదు. తొందరపడినవాళ్ళకి వాళ్ళ గీతే చెబుతుంది.

రికార్డు చేసిన మోతని ఫోనులో పెడితే దోమ గీపెట్టినట్టు వచ్చింది. ఫోను స్పీకరు చిన్నది, 100 హెర్ట్జ్ అంత లోతు శబ్దం దాన్లోంచి దాదాపు రాదు. ఆ మోతలో 200, 300, 400 దగ్గర కూడా పొరలు ఉంటాయి. వాటిని పెంచితే చెవి కింది పొరని తనే ఊహించుకుంటుంది. అలా సర్దాను. చేతికి తెలియాల్సిన అదురు కోసం వేలు తెర మీద ఉన్నంతసేపూ వైబ్రేషన్‌ని చిన్నచిన్న ముక్కలుగా పంపాను. ఒక్కటే పొడుగు వైబ్రేషన్ ఇస్తే ఫోన్ కాల్ వచ్చినట్టుంది.

అన్నిటికన్నా కష్టమైంది మిషన్ ఆగే క్షణం. మోత టక్కున ఆగితే కోత పెట్టినట్టుంది. అసలు కొట్టులో సూది లేచాక కూడా గిన్నె కాసేపు మోగుతుంది. ఖాళీ బిందెకి ఆ మోగు పొడుగు, పళ్ళేనికి పొట్టి, నీళ్ళ గ్లాసుకి టింగుమని సన్నం. మావయ్య పదకొండు రకాల సామాన్లు ఒడిలో పెట్టుకుని ఒక్కోదాని మీదా సూది ఆనించి ఎత్తాడు, నేను రికార్డు చేశాను. ఇప్పుడు ఆటలో వేలు ఎత్తగానే గిన్నె మోగు సన్నగిల్లుతూ పోతుంది, అది పూర్తిగా పోయాకే కస్టమర్ నోరు తెరుస్తారు. ఈ ఆటలో నాకు బాగా ఇష్టమైన చోటు ఆ నిశ్శబ్దమే.

ఆషాఢం, రెండో వారం

అక్షరాల గొడవ.

ఆటని గోడో ఇంజిన్‌లో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, చేస్తున్నాను. ఉచితం, మనలాంటి లిపులకి ఇప్పుడు పనికొస్తుంది కూడా. పాత 3వ వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి ఒత్తులూ గుణింతాలూ కలిపి అక్షరానికి ఆకారం కట్టే హార్ఫ్‌బజ్ లోపలే ఉంది, తెలుగూ ఒడియా రెండూ సరిగ్గా కట్టుకుంటాయి.

అయినా చిక్కు వచ్చింది. మాటలు ఒక్కో అక్షరంగా తెర మీద పడాలి, మనిషి మాట్లాడుతున్నట్టు. అప్పుడు "స్త్రీ" అనే మాట మొదట స, తర్వాత స్, తర్వాత స్త, స్త్, స్త్ర, చివరికి స్త్రీ అయి కుదుటపడింది. ఒక్క అక్షరానికి ఆరు గంతులు. యూనికోడ్ లెక్కలో, అంటే కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే పద్ధతిలో, అది ఆరు గుర్తులు కాబట్టి ఇంజిన్ ఆరుసార్లు చూపించింది. చదివేవాడి కళ్ళు అదిరిపోతాయి.

ఇంజిన్‌లో దీనికి సెట్టింగు ఉంది, అక్షరాలు ఆకారం కట్టాక లెక్కపెట్టమని చెప్పవచ్చు. మాటల వరకు అది సరిపోయింది. కానీ నాకు ఇంకో లెక్క కూడా కావాలి, డబ్బుల లెక్క. మావయ్య అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. "విజయలక్ష్మి" అని వేస్తే ఎన్ని అక్షరాలకి డబ్బు? ఆయన వేళ్ళు మడిచాడు: వి, జ, య, ల, క్ష్మి. అయిదు. కంప్యూటర్ని అడిగితే పదకొండు అంది.

"ఒత్తుకీ గుడికీ డబ్బులు తీసుకోవా మావయ్యా?"

"అవి అచ్చరంలో ఉన్నవే గదా. సెయ్యికి ఏరే డబ్బులు, ఏలుకి ఏరే డబ్బులూనా?"

నాకు కావలసిన నియమం అదే. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ ఒకే అక్షరం, గుణింతం గుర్తు ఏదైనా ముందున్నదానిలో భాగమే. "కిరణ్"లో చివరి ణ్ తర్వాత ఏమీ లేదు కాబట్టి అది సొంతంగా ఒక అక్షరం. పది వరుసల కోడు రాశాను. తర్వాత వెతికితే, 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఇలా ఒత్తులు కలిపి ఒకే అక్షరంగా పట్టుకునే నియమాన్ని తెలుగుకీ ఒడియాకీ చేర్చారని తెలిసింది. బల్ల దగ్గర ఆ లెక్క ఎన్నేళ్ళ నుంచో ఉంది.

ఆషాఢం, మూడో వారం

చెక్కడానికి మామూలు ఫాంటు పనికిరాదు. ఫాంటులో అక్షరానికి రెండు అంచులు ఉంటాయి, మధ్యలో నలుపు నింపుతుంది. సూదికి కావలసింది ఒక్క గీత, అది ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో. మావయ్య చేత స్కెచ్ పెన్నుతో రాయించి వీడియో తీశాను, ఆ దారినే ఒక్కో అక్షరానికీ బిందువులుగా ఎక్కించాను. ఆయన తలకట్టు చివర్లో పెడతాడు. ఒడియాలో పైన గుండ్రటి గొడుగు ముందు వేసి, ఆ నీడలో మిగతాది రాస్తాడు. ఆ వరుస కూడా అలాగే ఉంచాను.

మాటలకీ చీటీలకీ మాత్రం ఏక్ టైప్ వాళ్ళు చేసిన బాలూ ఫాంట్లు వాడుతున్నాను. ఆ కుటుంబంలో ఒక్కో లిపికి ఒక్కో పేరు. తెలుగుది బాలూ తమ్ముడు, ఒడియాది బాలూ భైనా. భైనా అంటే అన్నయ్య. ఇద్దరి గీత మందం ఒకటే కాబట్టి ఒకే చీటీ మీద రెండు లిపులూ పక్కపక్కన పెట్టినా ఒక చేతిరాతలా ఉంటుంది. మా ఊరి ఆటకి అన్నదమ్ములు ఇద్దరూ దొరికారు. ఆట పేరు రాసే చోట మాత్రం గిడుగు ఫాంటు పెట్టాను. ఎందుకో కింద చెబుతాను.

లిపి మారితే పేరు కూడా కొంచెం మారుతుంది. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ తేడా లేదు, రెండిటికీ ఒకటే అక్షరం. "ఎర్రమ్మ" అని ఒడియాలో వేస్తే "ఏర్రమ్మ" అని చదవచ్చు. ఇది పొరపాటుగా కనిపించే చోట నేను ఒక కస్టమర్ని పెట్టాను. ఒడియా ఇంటి కోడలైన తెలుగమ్మాయి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబు. అత్తవారింట్లో చదవగలగాలంటే ఒడియాలో వేయాలి. అమ్మ పిలిచినట్టు ఉండాలంటే తెలుగులో వేయాలి. ఆమె చీటీ మీద ఒకటి రాసి తెస్తుంది, నోటితో ఇంకోటి చెబుతుంది. మీరు ఏది వేసినా తీసుకుని వెళుతుంది. సరైన జవాబు నేను ఆటలో ఎక్కడా దాచలేదు, ఎందుకంటే నా దగ్గర కూడా లేదు.

శ్రావణం, మొదటి వారం

పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. కొట్టు కిటకిట. నేను ఇంట్లో కూర్చుని కథలు రాస్తున్నాను. ఈ వారం నాకు బాగా కష్టంగా గడిచింది.

ఆషాఢంలో కొట్టులో కూర్చున్నప్పుడు ఒకావిడ వచ్చారు. ఒక పళ్ళెం తెచ్చారు, మావయ్యతో మాట్లాడారు, వెళ్ళారు. నేను పక్కనే ఉండి విన్నాను. ఆ రాత్రే ఆవిడ చెప్పింది మొత్తం ఆటలో రాసేశాను. ఊరు మార్చాను, పళ్ళెం బదులు గిన్నె పెట్టాను. అప్పటిదాకా రాసినవాటిలో అదే గొప్పగా వచ్చింది. మావయ్యకి చూపించాను. ఆయన సగం చదివి ఫోను బల్ల మీద బోర్లించాడు.

"ఆవిడ నా దగ్గరికొచ్చినాది అమ్మీ. నీ ఫోన్లోకి రాలేదు."

ఆ కథ తీసేశాను. ఆవిడ ఏం చెప్పారో ఇక్కడ కూడా రాయను. వినడం గురించి ఆట చేస్తూ, విన్నదాన్ని అడగకుండా ఎత్తుకొచ్చాను. రెండు రోజులు కంప్యూటర్ తెరవలేదు.

తర్వాత నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఒక మనిషి కథ ఒక మనిషి కథగా రాదు. ఊరందరికీ జరిగినవి, అందరికీ తెలిసినవి మాత్రమే మూలం. తుపాను, రైలు, బడి, పండగ. వాటి మీద మనిషిని నేను కల్పించాలి. మా ఇంట్లోవాళ్ళ కథ అయితే వాళ్ళని అడిగి, రాసింది చదివి వినిపించి, సరే అన్నాకే.

అలా వచ్చినవాటిలో రెండు నిలబడ్డాయి.

ఒకటి బిందె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్ళింది. కొండల మీద కురిసిన వాన ఊళ్ళ మీద పడింది. మా ప్రాంతంలో ఆ రోజు గుర్తులేని ఇల్లు లేదు. ఆటలో ఒక పెద్దావిడ సొట్టలు పడ్డ బిందె తెస్తుంది. నీళ్ళలో కొట్టుకుపోయి ఎక్కడో కింది ఊరి బురదలో దొరికింది. దాని మీద ఆమె అత్తగారి పేరు ఉంది, ఆ పేరు చదివి ఎవరో తెచ్చి ఇచ్చారు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఈమె తన పేరు కూడా వేయించుకోవాలనుకుంటోంది. చివరి దాకా విన్నవాళ్ళకి ఒక మాట చెబుతుంది: "అత్త పేరు కిందన ఎయ్యి బావూ. పైన కాదు." విననివాళ్ళకి బిందె మీద కనిపించే ఖాళీ జాగా పైనే ఉంటుంది. చాలామంది అక్కడే వేస్తారు. ఆమె ఏమీ అనదు, బిందె తిప్పి చూసుకుంటుంది.

రెండోది కేరేజీ. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మొదలైంది, రెండున్నర అడుగుల పట్టాల మీద. తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. చిన్న రైలు అంటే మా అమ్మవాళ్ళ తరానికి కళ్ళు మెరుస్తాయి. ఆటలో ఒక తాతగారు నాలుగు గిన్నెల కేరేజీ తెస్తారు. మూడు గిన్నెల మీద ఆయన పేరు, నాలుగోది కొత్తది, ఉత్తది. దాని మీద ఎవరి పేరు వేయాలి? ఆయన పేరే కదా అనిపిస్తుంది. వింటే తెలుస్తుంది: రోజూ ఎదురు సీట్లో కూర్చుని తినే మనిషితో ఒకరోజు గిన్నెలు మారిపోయాయి. రేపు మార్చుకుందాం అనుకున్నారు. ఆ రేపటికి రైలు లేదు. ఇన్నేళ్ళూ ఆ మనిషి గిన్నెనే వాడుతూ వచ్చారు, అది ఇప్పుడు చిల్లిపడింది. కొత్త గిన్నె మీద తన పేరు కాదు, ఆ మనిషి పేరు కావాలి.

ఇది రాసి మా అమ్మకి చదివి వినిపిస్తే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, మా పాత కేరేజీ తీసి, గిన్నెలన్నీ తిప్పి పేర్లు చూసింది.

శ్రావణం, మూడో వారం

బిందె పెద్దావిడ మాటలు మొదట ఇలా రాశాను: "నాయనా, ఈ బిందె వరదలో కొట్టుకుపోయింది. పేరు చదివి గ్రామస్థులు తిరిగి అప్పగించారు." మావయ్య అడిగాడు, "ఈ ముసలమ్మ ఏ ఊరిదే? మనూరిది కాదు."

నిజమే. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది పుస్తకాల్లో కాబట్టి, రాయడానికి కూర్చుంటే పుస్తకం మాటే వస్తుంది. మా వీధిలో ఎవరూ అప్పగించరు. ఇప్పుడు ఆవిడ ఇలా అంటుంది: "ఈ బిందె నీరొచ్చి ఎత్తుకెల్పోనాది బావూ. పేరు సూసి ఎవులో తెచ్చిచ్చినారు." అందరి మాటలూ మళ్ళీ రాశాను. మధ్యమధ్య ఒడియా దొర్లుతుంది, "ఆజ్ఞా" అంటారు, "హఉ" అంటారు, మా ఊళ్ళో అలాగే మాట్లాడతారు. హైదరాబాదులో ఉన్న నా స్నేహితురాలు "కొన్ని మాటలు అర్థం కాలేదు, కింద అర్థాలు పెట్టవా?" అంది. ఆలోచించి పెట్టలేదు. అర్థం కాని మాటని పట్టి ఉంచి కాసేపు నొక్కితే ఆ మనిషే ఇంకోలా చెబుతారు, కొట్టులో "ఏటన్నావు?" అంటే చెప్పినట్టు.

గిడుగు ఫాంటు సంగతి ఇక్కడే చెప్పాలి. గిడుగు వెంకట రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసింది ఈ ఊళ్ళోనే. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడారు. కొండల్లోని సవరల భాష నేర్చుకోవడానికి ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన మాట వింటూ రాసుకున్నారు. తర్వాత సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వచ్చినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. బళ్ళో ఒడియా పాఠాల్లో ఆయన పేరు నాకు తగల్లేదు, అమ్మ చెబితే తెలిసింది. ముందుగా విని తర్వాత రాసిన మనిషి పేరు మీదున్న అక్షరాలతోనే నా ఆట పేరు కనిపించాలి.

భాద్రపదం, మొదటి వారం

సవర కస్టమర్ లేకుండా ఈ కొట్టు అబద్ధం అవుతుంది. వారపు సంతకి కొండల మీద నుంచి వచ్చేవాళ్ళు సగం.

సవర భాషకి సొంత లిపి ఉంది, సొరంగ్ సొంపెంగ్. మంగే గొమాంగో 1936లో తయారుచేశారు, రాష్ట్రం పుట్టిన ఏడే. 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది, నోటో ఫాంటు ఉంది. ఒత్తులు, గుణింతాల గుర్తులు లేవు, ఒకదాని పక్కన ఒకటి అక్షరాలు నిలబడతాయి. కోడు రాసేవాళ్ళకి సులువు. మావయ్య మాత్రం ఎప్పుడూ చెక్కలేదు. "ఎవులూ అడగలేదు" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "నాకు రాదనుకుని అడగలేదేమో" అన్నాడు.

ఆటలో ఒక సవర అమ్మాయి గ్లాసు తెస్తుంది, చీటీ మీద తన లిపిలో పాప పేరు. మీకు ఆ అక్షరాలు తెలియవు. ఒక్కో అక్షరం ముందు మిషన్ ఆపితే ఆమె దాని శబ్దం చెబుతుంది, వేలితో ఎటు తిప్పాలో చూపిస్తుంది. ఆపకుండా చెక్కితే వంకర బొమ్మ వస్తుంది.

కాలేజీలో నాతో చదివిన ఒక సవర స్నేహితురాలికి పంపాను. రెండు అక్షరాలు తప్పు తిప్పానని దిద్దింది. ఇంకో మాట కూడా అంది. నేను ఆ అమ్మాయి కథలో ఆకలి, అప్పు పెట్టాను. "కథల్లోకి మేము ఎప్పుడు వచ్చినా ఏడుస్తూనే వస్తాం. ఒక్కసారి సంతోషంగా రానివ్వు" అంది. మొత్తం మార్చాను. ఇప్పుడు ఆమె కొత్త ఇంట్లోకి వెళుతోంది. పాప తన గ్లాసు తనకి కావాలని గొడవ చేస్తోంది. అందుకే వచ్చింది. ఆటలో అందరికన్నా ఎక్కువ నవ్వేది ఆమే.

భాద్రపదం, నాలుగో వారం

ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్ళు ఆటని అందరికీ విడుదల చేయాలంటే ముందు కనీసం 12 మంది 14 రోజులు వరుసగా పరీక్షించాలి. నా పన్నెండు మందిలో పదిమంది ఊళ్ళోవాళ్ళే, ఇద్దరు పాతపట్నం. చాలావరకు పాత ఫోన్లు. అందుకని బొమ్మలు కుదించి, గిన్నెల మెరుపుని అప్పటికప్పుడు లెక్కగట్టే బరువైన షేడరు కోడు తీసేసి, మెరుపుని ముందే గీసిన బొమ్మగా పెట్టాను. నెట్ అవసరం లేదు. మధ్యలో ఫోన్ వస్తే ఆట ఎక్కడిది అక్కడ ఆగుతుంది, కస్టమర్ నిలబడే ఉంటారు.

ఈరోజు తొమ్మిదో రోజు.

మా ఎదురింటి అత్త రాత్రి అన్నాలయ్యాక ఒక్కరినే పిలుస్తుంది. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా తెర మీద వేలు పెట్టదు. మధ్యలో "అయ్యో", "మరే" అంటూ ఫోనుకి జవాబు కూడా చెబుతుంది. నేను మూడు సెకన్లు పెట్టిన మౌనాలు ఆవిడకి చాలడం లేదు, ఆవిడ ఊకొట్టేలోపే కస్టమర్ తర్వాతి మాట ఎత్తుకుంటోంది. బరువైన చోట్ల అయిదు చేశాను.

పిన్ని కొడుక్కి కూడా ఇచ్చాను. మొదటి రోజు వేలు ఎత్తినా వెంటనే మళ్ళీ పెట్టేశాడు. కేరేజీ తాతగారు మూడుసార్లు మొదలుపెట్టి, ఆగి, "సరే బావూ" అని, నాలుగో గిన్నె మీద కూడా తన పేరే వేయించుకుని వెళ్ళిపోయారు. తర్వాత వాడు వాళ్ళ అక్క ఫోనులో అదే తాత చెప్పే కథంతా చూశాడు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చాడు.

"అక్కా, ఆ తాతని మళ్ళీ పిలవొచ్చా?"

పిలవడానికి లేదు, నేను పెట్టలేదు. మొదటి నుంచి ఆడాలి అని చెప్పబోయి ఆగిపోయాను. మొదటి నుంచి ఆడితే వాడు కలిసేది ఇంకో తాతని. వాడు తొందరపెట్టి పంపేసిన తాత కాదు.

రాత్రి నుంచి దాని మీదే ఉన్నాను. ఆటలో రథయాత్ర రోజు ఒకటి ఉంది, బజారంతా జనం, కొట్టుకి కస్టమర్లు ఎవరూ రారు. ఖాళీగా వదిలేసిన ఆ రోజున ఇప్పుడు తాతగారు వస్తారు. ఆయన కథ వినని ఆటల్లో మాత్రమే వస్తారు. చేతిలో ఇంకో కొత్త గిన్నె. పోయినసారి సంగతి ఎత్తరు. రాయాల్సినవి నాలుగే వాక్యాలు, పొద్దున్నుంచి రెండే కుదిరాయి. గిన్నె బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఇయ్యాల పనేటీ లేదు గదా బావూ" అంటారు. మిషన్ ఆగే ఉంటుంది. రథం డప్పులు దూరంగా వినిపిస్తుంటాయి, ఆ శబ్దం ఇంకా రికార్డు చేయాలి.